కలలోనూ మెలకువే

రాజమండ్రి

ఒరేయ్ శీనూ,

ఫోన్లో నువ్వు నవ్వేసి కొట్టిపారేశావు గానీ, చెల్లెమ్మ చెప్పిన మాట నా బుర్రలోంచి పోవడం లేదు. ఆ సంగతికి తరవాత వస్తాను. ముందు నువ్వడిగిన దానికి జవాబు. "నీకింకా ఆ తెలిసే కలలు వస్తున్నాయా?" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయమా అది? టీ పెట్టించుకుని కూర్చో.

వస్తున్నాయిరా. చాలా ఏళ్లు ముఖం చాటేసి, ఈమధ్యే మళ్లీ మొదలయ్యాయి.

చిన్నప్పుడు డాబా మీద పక్కలేసుకుని పడుకునేవాళ్లం కదా. పొద్దున్నే లేచి "రాత్రి ఇది కల అని నాకు కలలోనే తెలిసిపోయింది, అందుకే ఎగిరాను" అంటే నువ్వు నమ్మేవాడివి కాదు. ఆ ఎగరడం కూడా ఏమంత గొప్పగా ఉండేది కాదులే. కాలవలో ఈత కొట్టినట్టు గాలిలో కాళ్లూ చేతులూ ఆడించాలి. కరెంటు తీగల ఎత్తు దాటేవాణ్ణి కాదు. కల అని తెలుసు, అయినా తీగ తగిలితే షాక్ కొట్టదన్న నమ్మకం మాత్రం లేదు!

అది నా ఒక్కడి ప్రతిభ కాదని చాలా కాలానికి తెలిసింది. జర్మనీలో 6 నుంచి 19 ఏళ్ల వయసు పిల్లల్ని వందల మందిని అడిగి, 2012లో ఒక పరిశోధన వేశారు. చిన్నపిల్లల్లో ఈ కలలు బాగానే కనిపించాయి, 16 ఏళ్లు వచ్చేసరికి తగ్గిపోయాయి. ఆ వయసులో మెదడు ఎదిగే తీరుకీ దీనికీ సంబంధం ఉండొచ్చని వాళ్ల ఊహ. నాకూ ఇంటర్లోనే ఆగిపోయాయి. నేనైతే ఆ నేరం లెక్కల మాస్టారి మీద వేసేవాణ్ణి.

బ్యాంకులో చేరిన కొత్తలో మళ్లీ పట్టుబట్టాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో స్టీఫెన్ లాబెర్జ్ అనే ఆయన దీనికి పద్ధతులు చెప్తున్నాడని ఏదో పత్రికలో చదివాను. తెల్లవారుజామున లేవాలి, వచ్చిన కల గుర్తు తెచ్చుకోవాలి, "ఈసారి కల వస్తే కలని గుర్తుపడతాను" అనుకుంటూ మళ్లీ పడుకోవాలి. అలారం మోతకి రూమ్మేటు తిట్టేవాడు. అప్పుడప్పుడూ ఫలించేది కూడా. కానీ కలలో పెత్తనం చేయాలన్న ఆత్రం ఎక్కువ. సముద్రం రావాలి, రైలు ఆగాలి, ఫలానా అమ్మాయి నవ్వాలి. ఆమె నవ్వేలోగా ఆ ఉత్సాహానికే మెలకువ వచ్చేసేది. అలాంటప్పుడు కలలో అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుంటే కల ఇంకాసేపు నిలుస్తుంది. నాకు పనిచేసిన కిటుకు ఇదొక్కటే.

తరవాత పెళ్లి, పిల్లలు, ట్రాన్స్‌ఫర్లు, ఆడిట్ టెన్షన్. ఆ ఏళ్లలో కలలు వచ్చాయో రాలేదో కూడా తెలీదు.

ఇప్పుడెందుకు మళ్లీ అంటావా? కలలు ఎక్కువగా వచ్చే నిద్ర, కళ్లు రెప్పల కింద గబగబా కదిలే ఆ నిద్ర, గంటన్నరకోసారి వస్తూ రాత్రి చివరి భాగంలో బాగా పొడుగవుతుంది. మన వయసులో సరిగ్గా ఆ వేళకే బాత్రూమ్‌కి లేస్తాం. వచ్చి పడుకుంటే సగం తెలివితోనే కలలోకి జారిపోతాం. అప్పట్లో అలారం పెట్టుకుని చేసిన సాధన ఇప్పుడు ప్రోస్టేట్ ఉచితంగా చేయిస్తోంది. తెల్లవారుజాము కలలు నిజమవుతాయని మా అమ్మమ్మ అనేది. నిజమవడం మాట అటుంచు, గుర్తుండేది మాత్రం అవే.

అయితే ఇప్పుడు ఎగరాలని లేదురా. మొన్న మళ్లీ పరీక్ష కల వచ్చింది. నీకూ వస్తుందన్నావుగా, హాల్ టికెట్ మర్చిపోయే కల. నాది ప్రశ్నపత్రం కల. మొదటి ప్రశ్న చదివాను, మళ్లీ చదివితే ఇంకో ప్రశ్న ఉంది. కలలో అక్షరాలు ఒకచోట నిలవవు, అదే గుర్తు. కల అని తెలిసిపోయింది. దర్జాగా లేచి, ఇన్విజిలేటర్ దగ్గరికెళ్లి "సార్, నేను రిటైరయ్యాను" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చావా?" అన్నాడు. ఇవ్వలేదు! నిజంగానే ఇవ్వలేదు, పెన్షన్ కోసం ఇవ్వాల్సిన నవంబరు నెలాఖరు గడువు దగ్గర పడుతోంది. పగలు నేను మర్చిపోయింది రాత్రి ఆయనకెలా గుర్తుంది? కుర్రతనంలో అయితే ఆయన్ని మాయం చేసి సముద్రం తెప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు ఆయన ఏమంటాడో వినడమే బాగుంది. "మీ కలల్ని మీరే శాసించండి" అని యూట్యూబ్‌లో కోర్సులు అమ్మేవాళ్లని చూస్తే నాకు చిరాకు అందుకే. శాసిస్తే నాకు తెలిసినవే వస్తాయి.

మా పక్కింటాయన దీన్ని మాండూక్యోపనిషత్తులోకి లాగుతాడు. జాగ్రత్ అంటే మెలకువ, స్వప్నం, సుషుప్తి అంటే గాఢనిద్ర, ఆ మూడింటికీ పైన తురీయం. నేను వింటాను గానీ, నా కలలతో దాన్ని కలపను.

సరే, అసలు సంగతి. కలలో తెలివి ఉందని మొదట ఎలా రుజువు చేశారో తెలుసా? 1975లో ఇంగ్లండులో, హల్ యూనివర్సిటీలో, కీత్ హెర్న్ అనే పరిశోధకుడు అలన్ వర్స్‌లీ అనే ఆయన్ని పడుకోబెట్టాడు. కల అని తెలియగానే కళ్లు ఎడమకీ కుడికీ ముందే అనుకున్నట్టు తిప్పాలి. తిప్పాడు, కళ్ల కదలికలు నమోదు చేసే యంత్రం అది గీసింది. 2021లో అయితే నిద్రలో ఉన్నవాణ్ణి 8లోంచి 6 తీసేస్తే ఎంత అని అడిగితే, కళ్లతోనే 2 అని చెప్పాడు. కళ్లతోనే ఎందుకంటే, ఆ నిద్రలో మెదడు ఒంటికి తాళం వేసేస్తుంది. కళ్లూ ఊపిరీ తప్ప చేతులూ కాళ్లూ కదలవు. అందుకే నేను కలలో ఎంత ఈత కొట్టినా మంచం మీద కర్రలా ఉంటాను.

నువ్వు అలా ఉండటం లేదు కదరా. ఎవరినో తరుముతున్నానని కేకలేసి, చెల్లెమ్మ భుజం మీద గుద్ది, మంచం మీంచి పడ్డావు. నా కలల లాంటివే అని నవ్వావు. కాదు. నీకు ఆ తాళం సరిగ్గా పడటం లేదేమో. యాభై దాటిన మగవాళ్లలో ఇది ఎక్కువట. కొందరిలో పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బుకి ఏళ్ల ముందే వచ్చే సూచన కావచ్చు. కొన్ని మందుల వల్లా వస్తుంది. గురకతో ఊపిరి ఆగే ఇబ్బంది ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. ఏదో తేల్చాల్సింది న్యూరాలజిస్టు, నువ్వూ కాదు నేనూ కాదు. రాత్రంతా వీడియో తీస్తూ నిద్ర పరీక్ష చేస్తారు, సూదీ గీదీ ఏం ఉండదు. నువ్వు వేసుకునే మాత్రలన్నీ చీటీ రాసి పట్టుకెళ్లు, ఆయుర్వేదంతో సహా. చెల్లెమ్మని తప్పకుండా తీసుకెళ్లు, చూసింది ఆవిడే కాబట్టి.

ఈలోగా మంచం పక్కనున్న ఆ గాజుబల్ల జరిపించి, కింద పరుపు వేయించు. అపాయింట్‌మెంట్ తారీఖు నాకు చెప్పు. నేనూ మీ చెల్లెలూ సంక్రాంతికి ముందే హైదరాబాదు వస్తాం, కుదిరితే ఆ రోజుకే వస్తాం. రేపు పొద్దున్నే ఆ లైఫ్ సర్టిఫికెట్ పని చూడాలి.

నీ
ప్రసాదు