డీఏ ఇచ్చారుగా, ఇంకా పీఆర్సీ ఏమిటని అడిగేవారికి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపావళికి డీఏ (కరువు భత్యం) ఇచ్చిందిగా, మళ్లీ పీఆర్సీ (వేతన సవరణ) అంటారేమిటి, ఈ ఉద్యోగుల ఆశకు అంతు లేదా అని ఆయన అడిగారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. ఆయన్ను తప్పు పట్టను, ఎందుకంటే ఆయనకు అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లు చెప్పకపోగా, జనాన్నీ ఉద్యోగుల్నీ ఎదురెదురుగా నిలబెట్టి చోద్యం చూస్తున్నారు.

మొదట డీఏ సంగతి. ధరలు పెరిగితే జీతం విలువ పడిపోకుండా ఆరు నెలలకోసారి సర్దేది డీఏ. 2025 దీపావళికి ఇచ్చింది 2024 జనవరి నాటి డీఏ, అంటే అప్పటికే దాదాపు రెండేళ్ల కిందటిది. అప్పటికి నాలుగు పెండింగులో ఉంటే ఒకటి ఇచ్చారు, ఇంకా మూడు మిగిలాయి. పీఆర్సీ వేరు. అది అయిదేళ్లకోసారి మొత్తం జీతాల స్కేళ్లనే సవరించేది. 12వ పీఆర్సీ 2023 జూలై 1 నుంచి అమలు కావాలి. ఆ నెలలోనే గత ప్రభుత్వం రిటైర్డ్ ఐఏఎస్ మన్మోహన్ సింగ్ గారిని కమిషన్ చైర్మన్‌గా వేసింది, ఐఆర్ (మధ్యంతర భృతి) మాత్రం ఇవ్వలేదు. ప్రభుత్వం మారాక ఆయన రాజీనామా చేశారు, 2025 దీపావళి నాటికి కూడా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. కమిషనే లేనప్పుడు నివేదిక ఎక్కణ్నుంచి వస్తుంది, ఫిట్‌మెంట్ (మూల జీతం మీద పెంచే శాతం) ఎక్కణ్నుంచి వస్తుంది? రెండేళ్లు దాటింది. అడిగితే ఆశ అంటున్నారు.

ఇక దీపావళి రోజు వచ్చిన ఆ జీవో గురించి చెప్పకుండా ఉండలేను. డీఏ బకాయిలు ఉద్యోగి రిటైరయ్యేటప్పుడు ఇస్తారని అందులో రాశారు! నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లాడు 2024 బకాయి కోసం ముప్ఫై ఏళ్లు ఆగాలా? సంఘాలు గొడవ చేశాక సవరించి, వాయిదాల్లో ఇస్తామన్నారు, సరే. కానీ అంతమంది పెద్ద అధికారుల బల్లల మీదుగా వచ్చిన కాగితంలో ఆ వాక్యం ఒక్కరి కంటా పడలేదా? మేము పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు మార్కులు రెండుసార్లు కూడి చూసుకునేవాళ్లం. లక్షల కుటుంబాల డబ్బుకు సంబంధించిన ఉత్తర్వు ఇప్పుడు పండగ రోజు హడావిడిగా వస్తుంది, మర్నాటికి మారిపోతుంది. ఆఫీసుల్లో పని ఇంతగా దిగజారిందంటే బాధేస్తోంది.

ఇది ఈ ప్రభుత్వం ఒక్కదాని తప్పని నేను అనను. గత ప్రభుత్వ హయాంలోని 2022 జనవరిని ఎవరు మర్చిపోతారు? 2018లో వేసిన అశుతోష్ మిశ్రా కమిషన్ 2020 అక్టోబరులోనే నివేదిక ఇచ్చేసింది, 27 శాతం ఫిట్‌మెంట్ సిఫార్సు చేసింది. దాన్ని ఏడాదికి పైగా బయటపెట్టలేదు. మధ్యలో అధికారుల కమిటీ 14.29 శాతం చాలంది, చివరికి 23.29 శాతం అన్నారు. అప్పటికే ఐఆర్ 27 శాతం తీసుకుంటున్న వాళ్లకు అంతకంటే తక్కువ ఫిట్‌మెంట్, దాని మీద ఇంటి అద్దె భత్యంలో కోత! రివర్స్ పీఆర్సీ అని ఊరికే అనలేదు. ఫిబ్రవరి 3న విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది, పోలీసులు ఎక్కడికక్కడ ఆపినా జనం ఆగలేదు. నివేదిక చేతికివ్వండి అన్నది అప్పటి ప్రధాన డిమాండ్లలో ఒకటి. దాన్ని ముందే అందరి ముందూ పెట్టి ఉంటే సగం గొడవ ఉండేదే కాదు.

నా లాంటి పెన్షనర్లకు ఆ దెబ్బ ఇప్పటికీ తగులుతూనే ఉంది. అంతకుముందు 70 ఏళ్లు నిండితే పెన్షన్ మీద 10 శాతం అదనం వచ్చేది. 2022 జీవోలో దాన్ని ఏకంగా 80 ఏళ్లకు నెట్టేశారు. చర్చల తర్వాత 70 దాటినవాళ్లకు 7 శాతం, 75 దాటినవాళ్లకు 12 శాతం అన్నారు. అది కూడా పోరాడితే వచ్చింది. ఈ వయసులో బీపీ మాత్రలకూ షుగర్ మాత్రలకూ ఆ మూడు శాతం ఎంత అవసరమో మందుల షాపు వాణ్ణి అడిగితే చెబుతాడు.

నాతో పనిచేసిన ఒక టీచరమ్మ కూతురి పెళ్లికని పీఎఫ్ లోనుకు పెట్టుకుంది. అది ఆమె నెలనెలా దాచుకున్న సొంత డబ్బు. ఆన్‌లైన్‌లో ఎప్పుడు చూసినా బిల్లు పెండింగే. చివరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి పెళ్లి చేసింది, పీఎఫ్ డబ్బు పెళ్లయ్యాక ఎప్పటికో వచ్చింది. ఆ వడ్డీ ఎవరిస్తారు? ఇలాంటి వాళ్లనా ఖజానా తినేస్తున్నారని అనేది?

ఖజానాలో డబ్బు లేదన్న మాట నిజమే కావచ్చు, కాదనను. రైతుకూ పేదకూ ఇవ్వాల్సింది ఇవ్వాలి, అందులో మాకు పేచీ లేదు. లేకపోతే లేదని లెక్క చూపించి, ఏ బకాయి ఎప్పుడిస్తారో చెబితే ఉద్యోగులు ఆగుతారు, ఇన్నేళ్లూ ఆగుతూనే వచ్చారు. పక్క తెలంగాణలో కూడా ఇదే తీరు. 2023 అక్టోబరులో శివశంకర్ కమిషన్ వేసి 5 శాతం ఐఆర్ ఇచ్చారు, 2025 దీపావళి నాటికి కూడా పీఆర్సీ మాత్రం రాలేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఎవరు గద్దెనెక్కినా ఎన్నికల ముందు ఉద్యోగులు కావాలి, ఎక్కాక వాళ్లే బరువు.

కాబట్టి మీ పత్రిక ప్రభుత్వాన్ని సూటిగా మూడు అడగాలి: పీఆర్సీ కమిషన్‌కు కొత్త చైర్మన్‌ను ఏ తేదీన వేస్తారు, అప్పటిదాకా ఐఆర్ ఎంతిస్తారు, మిగిలిన డీఏలు ఏయే నెలల్లో ఇస్తారు. జవాబు వస్తే మొదటి పేజీలో వేయండి. రాకపోతే రాలేదని కూడా అక్కడే వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి