నువ్వడిగిన బేబీ క్యారియర్ సంగతి

ఒరేయ్,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. ఫోన్లో రెండు ముక్కలు చెప్తే తేలే విషయం కాదనిపించి, మావాడు పడుకున్నాక తీరిగ్గా రాస్తున్నాను. ఒంటికి కట్టుకుని మోసే ఆ గుడ్డ క్యారియర్‌లో పాప ఒక పక్కకి జారిపోతోందని చెల్లెమ్మ ఏడ్చిందన్నావు. తప్పు తనది కాదని ముందు తనకి చెప్పు. మామూలుగా పిల్లల్ని ఎత్తుకుంటే వాళ్లు మనల్ని కరుచుకుంటారు చూడు, సగం పని వాళ్లే చేస్తారు. ఆ క్యారియర్ అలాంటి పిల్లల కోసం కుట్టింది. డౌన్ సిండ్రోమ్ వల్ల మీ పాపకి కండరాల్లో బిగువు తక్కువ కాబట్టి ఆ సగం పని కూడా గుడ్డే చేయాలి.

మావాడిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సెరిబ్రల్ పాల్సీతో, అంటే మెదడు నుంచి కండరాలకి అదుపు సరిగా అందక, కాళ్లు కర్రల్లా బిగుసుకుని, కత్తెరలా ఒకదానిమీదకొకటి వెళ్లిపోయేవి. మొదట్లో ఆ రెండు కాళ్లూ పట్టి విడదీసి సీటులోకి దింపాలని చూసేవాణ్ని. నేను లాగినకొద్దీ వాడు బిగిసిపోయి, విల్లులా వెనక్కి వంగి ఏడ్చేవాడు. ఒకరోజు ఫిజియోథెరపిస్ట్ వాణ్ని తన ఒళ్లోకి తీసుకుని, పిరుదుల కింద చెయ్యి పెట్టి, మోకాళ్లు రెండూ మెల్లిగా పొట్టవైపు మడిచి అలాగే ఉండిపోయారు. ఓ నిమిషం పట్టిందేమో. ముడుచుకున్న కాలివేళ్లు విచ్చుకున్నాయి, మోకాళ్లు వాటంతటవే పక్కలకి వాలాయి. తుంటి దగ్గర మడత పడితే ఆ బిగుతు సడలుతుందట. అప్పట్నుంచీ మాకు ముందు మడత, ఆ తర్వాతే బెల్టు. వాడికి ఒక మోకాలి మడత నుంచి ఇంకో మోకాలి మడత దాకా వచ్చే వెడల్పు సీటు పెట్టాం. తొడలు ఎడంగా ఉంటే కత్తెర పడదు. ముఖం బయటికి పెట్టి మాత్రం కూర్చోబెట్టం, అలా పెడితే మళ్లీ విల్లే.

మావాడికి మేలు చేసిన ఆ వెడల్పే మీ పాపకి ఇబ్బంది. కీళ్లు వదులు కాబట్టి కాళ్లు కప్పలా మరీ పరుచుకుంటాయి, తుంటికి అది మంచిది కాదు. సీటు గుడ్డని మధ్యలో మెత్తటి పట్టీతో కుచ్చులా దగ్గరకి కట్టి చూడు. అయినా కాళ్లు పక్కలకి వాలుతుంటే చిన్న టవల్ చుట్టి తొడ బయటివైపు ఒక్కోటి పెట్టు. మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైన ఉండాలి. ఒంటి పక్కల ఖాళీకి కూడా టవలే పనికొస్తుంది. ముఖం దగ్గర మాత్రం ఏ గుడ్డా వద్దు.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది మెడ. తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనిందంటే ఊపిరి దారి మూసుకుపోతుంది, శబ్దం కూడా రాదు. గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత సందు ఎప్పుడూ ఉండాలి, ముఖం నీకు కనబడుతూనే ఉండాలి, తల వంచితే ముద్దు అందాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది, కొందరికి మెడలో పై రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. అందుకని కట్టే ముందు డాక్టర్‌నీ, ఫిజియోథెరపిస్ట్‌నీ ఒకసారి అడుగు. వీలైతే క్యారియర్ వెంట తీసుకెళ్లి వాళ్ల ముందే కట్టి చూపించు.

ఇంకొకటి, బరువు మోసే పట్టీల జోలికి వెళ్లకు. నేను ఒకసారి భుజం పట్టీ విప్పి నాకు తోచినట్టు మళ్లీ కుట్టాను. వారం తిరక్కుండానే కుట్టు వదిలింది. ఆ సమయానికి మంచం మీద కూర్చుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. లోపల మెత్త పెట్టడం, బయట నుంచి కట్టడం, ఇవే మన చేతిలో ఉన్నవి. బెల్టు కొలత కుదరకపోతే కుట్టే పని తెలిసినవాళ్లకి ఇవ్వు.

మావాడికి పొట్ట దగ్గర ఫీడింగ్ ట్యూబ్ పెట్టాక ముందువైపు కట్టుకోవడం మానేశాం, ట్యూబ్ నొక్కుకుపోతోందని. ఇప్పుడు చంకనే. గుడ్డని చుట్టకుదురులా చుట్టి ట్యూబ్ చుట్టూ పెడతాం, ఒరిపిడి తగలదు. వాడి కాళ్లకి ఆసరాగా తొడిగే బ్రేసులు కూడా బరువులో కలిపి లెక్కేస్తాను. చాలా క్యారియర్లు 15 నుంచి 20 కిలోల దాకానే మోస్తాయి, మావాడు ఆ గీతకి దగ్గర పడ్డాడు. పెద్ద సైజుది వెతుకుతున్నాను.

రేపు పాపని కూర్చోబెట్టి ఒక మోకాలి మడత నుంచి ఇంకో మడత దాకా టేపుతో కొలిచి పంపు. క్యారియర్‌లో పెట్టాక పక్కనుంచి ఒక ఫోటో, వెనక నుంచి ఒకటి తియ్యి. ఆదివారం వీడియో కాల్‌లో మావాణ్ని చంకన కట్టుకుని ఒక్కో బెల్టూ చూపిస్తాను. వాడు నా చెవి పట్టుకుని లాగుతూ ఉంటాడు, నేను ఆగి ఆగి మాట్లాడితే ఏమనుకోకు.

నీ నేస్తం