మా డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ మార్చాం: కారణం, ఇకపై మీకు అందేవి

ఈ మధ్య మా కస్టమర్లైన మీలో కొందరికి డ్రాయింగులు ఆలస్యంగా అందాయి. ఏళ్ల తరబడి వాడిన 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌ను మేము వదిలేశాం, ఆలస్యానికి కారణం అదే. ఈ సంగతి తెలిసినవారిలో ఒకరిద్దరు “ఖర్చు భరించలేక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు దిగారు” అన్నారని విన్నాను. ఆ మాట నాకు బాధ కలిగించింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎన్నాళ్లయినా వాడుకోవచ్చన్న ఒప్పందంతో, మొత్తం సొమ్ము ఒకేసారి చెల్లించి కొన్నాం. తర్వాత ఆ కంపెనీ ఏటా చందా కట్టే పద్ధతికి మారింది. అది వాళ్ల వ్యాపారం, నాకు అభ్యంతరం లేదు. కానీ మా కంప్యూటర్లలో ఒకటి పాడై, దాని స్థానంలో కొత్తది పెట్టినప్పుడు, పాత లైసెన్సును దాని మీద యాక్టివేట్ చేయబోమన్నారు. ఆ వెర్షన్‌కు ఆ సేవ నిలిపేశారట. రశీదు పంపాను, ఒప్పందం ప్రతి పంపాను. చందా కడితే ఈ రోజే పని మొదలుపెట్టుకోవచ్చని బదులిచ్చారు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఎవరికీ తెలియని రోజుల్లో ఎన్ని వర్క్‌షాపులకు నేనే సిఫారసు చేశానో వాళ్లకు తెలుసు. అయినా నాకు వచ్చిన ఉత్తరంలో నా పేరు కూడా లేదు.

చందా మేము కట్టలేనంత పెద్దదేమీ కాదు. అయినా కట్టలేదు, కట్టను. చందా ఆగిన రోజున ఆ ఫైళ్లను సరిదిద్దే వీలు కూడా ఆగిపోతుంది. వాటిలో ఉన్నవి మీ యంత్రాలు, మీ విడిభాగాలు. మీ సొత్తుకు తాళంచెవి మూడో మనిషి దగ్గర ఉండడానికి నేను ఒప్పుకోను.

డయాగ్రముల విషయం తేలిగ్గానే తేలింది. బ్లాక్ డయాగ్రములు, ప్రాసెస్ ఫ్లో చిత్రాలు డ్రా.ఐఓలో గీస్తున్నాం. ఇంటర్నెట్ లేకపోయినా అది నడుస్తుంది. వైరింగ్ డయాగ్రములకు క్యూఎలెక్ట్రోటెక్, 2డి డ్రాయింగులకు క్యూక్యాడ్. మీ వర్క్‌షాపుల్లో లేజర్ కటింగుకు వాడే డీఎక్స్‌ఎఫ్ 1982 నుంచి ఉన్న ఫార్మాట్ కాబట్టి అక్కడ మీకు మార్పు కనిపించదు.

నిద్ర పట్టనివ్వనిది 3డి మోడలింగే. బ్రౌజర్‌లో నడిచే ఆన్‌షేప్ పనితనం నాకు నచ్చింది. కానీ దాని ఉచిత పథకంలో గీసినవన్నీ బహిరంగంగా కనిపిస్తాయి, మీ డిజైన్లను అక్కడ పెట్టే ప్రశ్నే లేదు. డబ్బు కట్టే పథకం అంటే మళ్లీ చందాయే. మిగిలింది ఫ్రీక్యాడ్ అనే ఉచిత 3డి సాఫ్ట్‌వేర్. దాన్ని చాలాకాలం నేనే దూరం పెట్టాను, దానికి గట్టి కారణం ఉంది. ఒక పీఠం గీసి, దాని పక్క ముఖం మీద బోల్టు రంధ్రాలు పెట్టామనుకోండి. తర్వాత మీరు ఫోన్ చేసి వెడల్పు పెంచమంటే ఆ ఆకారానికి ఆధారంగా మొదట గీసిన 2డి స్కెచ్ మార్చాలి. అలా మార్చగానే సాఫ్ట్‌వేర్ లోపల ముఖాలకు ఇచ్చుకున్న నంబర్లు తారుమారై, రంధ్రాలు వేరే ముఖానికి వెళ్లిపోయేవి, లేదా మోడల్ మొత్తం ఎర్రర్లతో నిండిపోయేది. మార్పులు అడగని కస్టమర్ ఉండడు కాబట్టి అలాంటి దానితో మీ పని చేయలేను.

2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్ ఈ సమస్యను చాలావరకు తీర్చింది. మా పాత డిజైన్లలో తరచూ మారేవాటిని ఏరి, అందులో మళ్లీ గీయించి, మొదటి స్కెచ్‌లే మార్పించి చూశాను. రంధ్రాలు ఎక్కడివి అక్కడే నిలిచాయి. అప్పుడే నిర్ణయం తీసుకున్నాను. దీని ఫైలు నిజానికి ఒక జిప్. లోపల డిజైన్ వివరాలు ఎక్స్‌ఎంఎల్ అనే, మామూలుగా తెరిచి చదవగలిగే టెక్స్ట్ రూపంలో, ఆకారం విడిగా ఉంటాయి. రేపు ఫ్రీక్యాడ్ లేకపోయినా వాటిని చదివే దారి ఉంటుంది.

లోటు కూడా చెప్పాలి. క్లిష్టమైన మూలల్లో అంచులను గుండ్రం చేసేటప్పుడు ఇది ఇప్పటికీ కొన్నిసార్లు మొరాయిస్తుంది. దీని వెనక ఉన్న ఓపెన్ క్యాస్కేడ్ అనే జ్యామితి ఇంజిన్ పరిమితి అది. నునుపైన వంపులతో ఉండే కవర్ల వంటివి ఇందులో మేము తీసుకోం. అలాంటి పని వస్తే మొదటి రోజే చెప్పి, చేయగలిగిన డిజైనర్ దగ్గరికి మేమే పంపుతాం. వాటి కోసం ఆ చందా మాత్రం కట్టేది లేదు.

ఇక పాత మోడళ్లు. పాత సాఫ్ట్‌వేర్ నడుస్తున్న కంప్యూటర్ ఒకటి ఇంకా ఉంది. దానిలోంచి మీ మోడళ్లన్నిటినీ స్టెప్ ఫార్మాట్‌లోకి తీసి పెట్టాం. 1994లో ఐఎస్‌ఓ 10303గా వెలువడిన ప్రమాణం ఇది, దాదాపు ప్రతి 3డి సాఫ్ట్‌వేర్ చదువుతుంది. అయితే మేము తీసిన ఫైళ్లలో ఆకారం మాత్రమే వచ్చింది, ఏ స్కెచ్ తర్వాత ఏది చేశామన్న వరుస రాలేదు. కొలత మార్చాలంటే మళ్లీ గీయాల్సిందే. ఆ ఖర్చు మీ మీద వేయమని మా లెక్కలు చూసేవారు గట్టిగానే చెప్పారు. వేయడం లేదు. మీరు మళ్లీ ఆర్డర్ ఇచ్చే ప్రతి భాగాన్నీ మా ఖర్చుతోనే కొత్తగా గీస్తాం. కంప్యూటర్‌లోనే పాత మోడల్ ఆకారంలోంచి కొత్తదాన్ని, కొత్తదానిలోంచి పాతదాన్ని తీసివేసి, రెండు వైపులా ఏమీ మిగలలేదని తేలాకే మీకు పంపుతాం.

ఇకపై ప్రతి పనికీ పీడీఎఫ్, డీఎక్స్‌ఎఫ్, స్టెప్ మూడూ అందుతాయి. టాలరెన్సులకు, అంటే కొలతల్లో అనుమతించే తేడాలకు, పీడీఎఫ్‌నే ప్రమాణంగా తీసుకోండి, మేమిచ్చే స్టెప్ ఫైల్లో అవి ఉండవు. డీఎక్స్‌ఎఫ్‌లో ఫాంట్ల తేడా వల్ల అక్షరాలు కాస్త పక్కకు జరిగినట్టు కనిపించవచ్చు, గీతలు మాత్రం ఖచ్చితంగా ఉంటాయి.

పాత ఫార్మాట్ ఫైళ్లే కావాలంటే ఆ కంప్యూటర్ నడిచినంత కాలం ఇస్తాం. అది ఆగితే ఇవ్వలేం కాబట్టి, అవసరమైనవారు ఇప్పుడే అడిగి తీసుకోండి.