మన వసంతంలో ట్యూలిప్ పూయదు ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో వసంతం వచ్చేసింది, మీ ఇంటి తోటను పూలతో నింపుకోండి అని ఒక పేజీ నిండా వేశారు. ఫొటోలు కళ్లు చెదిరేలా ఉన్నాయి, కాదనను. మా కోడలు నా చేతిలోంచి లాక్కుని మరీ చూసింది. కానీ ఆ పేజీలో ఉన్న పూలేంటి? ట్యూలిప్, డాఫోడిల్, పాన్సీ, పెటూనియా. ట్యూలిప్ బొమ్మ పక్కనే 'ఇప్పుడే నాటండి' అని కూడా రాశారు. మార్చి నెలాఖరున, హైదరాబాద్‌లో, డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేని ఎండలో!

ట్యూలిప్ గడ్డకి మూడు నెలలకు తక్కువ కాకుండా గట్టి చలి తగిలితేనే మొగ్గ కడుతుంది. శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గర పెద్ద ట్యూలిప్ తోట ఉంది కదా, అక్కడ చలికాలం రాకముందే గడ్డలు మట్టిలో పెడితే మంచు కింద నిద్రపోయి మార్చి చివర్లో లేస్తాయి. మనకి ఆ చలి ఎక్కడిది? గడ్డల్ని నెలల తరబడి ఫ్రిజ్‌లో దాచి పూయించేవాళ్లు ఉన్నారు గానీ మా ఫ్రిజ్‌లో పచ్చళ్లకే చోటు లేదు.

పెటూనియా సంగతి నాకు డబ్బు పోగొట్టుకున్నాక తెలిసింది. నిరుడు ఫిబ్రవరి చివర్లో ఒక నర్సరీలో కుండీ 60 రూపాయల చొప్పున ఆరు తెచ్చాను. ఎండాకాలమంతా పూస్తాయమ్మా అన్నాడు. ఉగాది నాటికి కాడలు బంకబంకగా సాగిపోయి, కింది ఆకులు పసుపు పచ్చబడి, ఏప్రిల్ మొదటి వారానికి గడ్డి అయిపోయాయి. నేను తక్కువ నీళ్లు పోశానేమోనని మా ఆయన, ఎక్కువ పోశానేమోనని నేను, ఇద్దరం గొడవపడ్డాం. తీరా చూస్తే తప్పు ఇద్దరిదీ కాదు. పెటూనియా, పాన్సీ, డయాంథస్ అన్నీ మనకి చలికాలపు పూలు. అక్టోబర్, నవంబర్‌లో పెట్టుకుంటే సంక్రాంతికి నిండుగా ఉంటాయి. మనం వసంతం అనే టైముకి వాటి ఆయుష్షు అయిపోతుంది.

మరి ఇక్కడ వసంతం లేదా అంటే, ఎందుకు లేదు! చైత్రం, వైశాఖం రెండు నెలలూ వసంత రుతువే కదా. మన వసంతానికి ఎండంటే ఇష్టం, అంతే. దానికి తగ్గ పూలు దానికున్నాయి. మాది రామంతాపూర్‌లో 150 గజాల ఇల్లు. ముందు రెండు గజాల మట్టి, పైన డాబా. ఇంత చోటులోనే ఈ వారం ఏం పూసిందో చెప్తాను, మీ పేజీకి పనికొస్తుందేమో చూడండి.

అన్నిటికన్నా ముందు మల్లె. మా అత్తమ్మ ఉన్నప్పుడు సంక్రాంతి అయిపోగానే మల్లెకి నీళ్లు పోయనిచ్చేది కాదు. పదిహేను రోజులు ఎండబెట్టేది. పెళ్లయిన కొత్తలో నాకు అది చూసి ఏడుపొచ్చేది, పచ్చని చెట్టుని చంపేస్తుందేంటి అని. ఆ తరవాత చెట్టుకున్న ఆకంతా దూసి, ఎండు పుల్లలు తీసేసి, కొమ్మల్ని మోకాలి ఎత్తుకి కత్తిరించి, మొదట్లో మట్టి గుల్ల చేసి రెండు గంపలు పెంట ఎరువు వేసి, అప్పుడు నీళ్లు కట్టేది. చెట్టు బోసిగా, చూడ్డానికి దిగులుగా ఉంటుంది. అయితే మల్లె పూసేది కొత్త చిగురుకే. పాత కొమ్మ ఎంత పచ్చగా ఉన్నా పువ్వు ఇవ్వదు. ఆకుమీద ముచ్చటపడి కత్తెర పెట్టనివాళ్లకి ఆకే మిగులుతుంది. మా పక్కింటి వదినకి ఏటా చెప్తాను, ఏటా మొహమాటపడుతుంది, ఏటా మా గోడ మీంచి చెయ్యి చాపి మూర దండకి సరిపడా మొగ్గలు అడుగుతుంది. ఇస్తాను, ఇవ్వకేం.

ఈ వారం సాయంత్రం నాలుగున్నరకి డాబా ఎక్కితే మొగ్గలు బియ్యపు గింజకి కాస్త పెద్దవి కొన్ని, ఇంకా ముదరనివి. ఇవాళ్టివి మాత్రం వేరేగా ఉంటాయి. తెల్లగా, లావుగా, కాడ దగ్గర ఆకుపచ్చ చార పోయి గట్టిగా బిగుసుకుని ఉంటాయి, వేలు తగిలితే చల్లగా తగులుతుంది. అవే కోయాలి. కోసి తడిగుడ్డలో చుట్టి పెడితే ఏడింటికల్లా గుడ్డలోనే విచ్చుకుంటాయి, వంటగది దాకా వాసన వస్తుంది. కొన్ని మొగ్గలు ఊదారంగు తిరిగి, చిన్న కన్నం పడి ఉంటాయి. అది మొగ్గ తొలిచే పురుగు. వాటిని తెంపి చెట్టు కింద పడేస్తే లాభం లేదు, పురుగు మట్టిలోకి దిగి మళ్లీ వస్తుంది. సబ్బు నీళ్ల డబ్బాలో వేసేస్తాను. మిగతా చెట్టుకి లీటరు నీళ్లకి ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొడతాను. పగలు కొట్టారంటే ఆకు మాడుతుంది.

వేప గురించి చెప్పకపోతే తప్పు. మా వీధి మూలన ఉన్న వేపచెట్టు కొన్నేళ్ల కిందట కొమ్మల చివర్లు కాలినట్టు ఎండిపోయి భయపెట్టింది. అప్పుడు తెలంగాణలో చాలాచోట్ల వేపలకి ఆ తెగులే వచ్చింది. చెట్టు పోయిందనుకుని కొట్టేయించబోయారు కూడా, ఆగండ్రా అని ఆపాం. మళ్లీ చిగురేసింది. ఇప్పుడు పూత మీద ఉంది. పొద్దున్నే కింద పాత చీర పరిస్తే తొమ్మిదింటికల్లా దోసెడు పువ్వు రాలుతుంది. ఉగాది పచ్చడికి చిటికెడు చాలు, మిగతాది నీడలో ఆరబెట్టి సీసాలో పోసుకుంటే ఏడాదంతా నేతిలో వేయించుకుని వేడన్నంలో కలుపుకోవచ్చు.

గేటు మీదికి పాకిన రాధామనోహరం ఇంకొక వింత. సాయంత్రం తెల్లగా పూస్తుంది, మర్నాటికి గులాబీ, ఆ తరవాత ఎరుపు, ఒకే గుత్తిలో మూడూ ఉంటాయి. మా మనవడు మూడు చెట్లు అనుకున్నాడు పాపం. బయట కానుగ ఉంది, దాని పూలు పేలాలు ఒలకబోసినట్టు రాలి కార్ల మీద పడుతున్నాయని కాలనీలో ఒకాయనకి రోజూ టెన్షన్. కార్ కవర్ కొనుక్కోమని నా సలహా. ఇక మోదుగు ఇంట్లో పెంచేది కాదు గానీ, జనగామ వైపు మా ఊరికి వెళ్తుంటే దారి పొడుగునా ఆకు రాలిన చెట్టుకి నిప్పు పెట్టినట్టు పూసి ఉంటుంది. చిన్నప్పుడు ఆ పూలు మరిగించిన నీళ్లతోనే హోలీ ఆడేవాళ్లం. బట్టలకి అంటిన నారింజ రంగు ఒకపట్టాన వదిలేది కాదు, అమ్మ తిట్లు కూడా.

కుండీల్లో రంగులే కావాలంటే ఎండకి ఓర్చేవి బోలెడు. టేబుల్ రోజ్ పుల్ల గుచ్చితే చాలు, ఎండ ఎంత ముదిరితే అంత విచ్చుకుంటుంది. బిళ్లగన్నేరు పోదామన్నా పోదు. కాగితం పువ్వుకి నీళ్లు తగ్గిస్తేనే పూస్తుంది, రోజూ పోసేవాళ్లకి ఆకులేస్తుంది. కుండీల్ని సిమెంటు మీద నేరుగా పెట్టకుండా రెండేసి ఇటుకల మీద ఎత్తండి, కింద నుంచి వేరు ఉడికిపోకుండా ఉంటుంది. మాకు నల్లా రోజూ రాదు కాబట్టి బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పోగేసి పొద్దున ఏడులోపే పోస్తాను.

నేను అడిగేది ఒక్కటే. వచ్చే ఆదివారం నుంచి మొక్కల పేజీ రాసేవాళ్లని ముందు ఒకసారి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి పంపండి, లేదా ఏ కాలనీలోనైనా డాబా ఎక్కి చూడమనండి. ఈ నెలలో ఇక్కడ ఏది పూస్తుంది, ఏది కత్తిరించాలి, ఏది నాటకూడదు అని నాలుగు ముక్కలు రాస్తే దాచుకుంటాం. ఫొటో లేకపోయినా పర్లేదు.

అన్నట్టు, మీ ఆఫీసులో ఎవరికైనా మల్లె కొమ్మ కావాలంటే వానలు పడ్డాక కబురు పెట్టండి, జూలైలో ఇస్తాను. ఇప్పుడు అడిగితే మాత్రం ఇవ్వను. ఈ ఎండలో నాటిన కొమ్మ బతకదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామంతాపూర్, హైదరాబాద్