అడక్కుండానే పెట్టారండి

మా పిల్లల స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ఇయర్ ఎండ్ సర్వే అని ఒక లింక్ పంపారండి. ఈ ఏడాది మీ కుటుంబానికి ఏది బాగా ఉపయోగపడింది అని ఒక ప్రశ్న, కింద చిన్న డబ్బా. నేను టైప్ చేసుకుంటూ పోతుంటే సగంలోనే అక్షరాలు పడటం మానేశాయి, లిమిట్ అయిపోయిందంట. ఎలాగూ ఇంగ్లీషులో నా మనసులో మాట సగమే వస్తుంది, మిగతా సగం ఇక్కడ తెలుగులో రాసేస్తున్నా. కాస్త పెద్దదే అవుద్ది, ఓపికుంటే చదవండి.

మేము డల్లాస్ పక్కన ఉంటాం. సొంతూరు కోనసీమ, అమలాపురం దగ్గర. మావారిది ఉద్యోగం మీద వచ్చే హెచ్-1బీ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్-4, నాకు పని చేసే పర్మిట్ ఇంకా రాలేదు. మావాడు థర్డ్ గ్రేడ్, చిన్నది కిండర్‌గార్టెన్. ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి మీటింగ్ అని లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి తొమ్మిదింపావుకే వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు ఇమ్మన్నారు. గ్లాసు పట్టుకున్న చెయ్యి చూస్తే అర్థమైపోయింది. ఈ వీసా మీద ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు, ఆలోపు ఇంకో కంపెనీ వాళ్ళు పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, రెండూ కాకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. ఫ్రిజ్ మీద కేలండర్‌లో రోజుకో గడి కొట్టేసుకుంటూ కూర్చున్నాం.

ఎవరికీ చెప్పలేదండి. చెప్తే ఏమనుకుంటారో అని. తర్వాత ఎలాగో తెలిసిపోయింది, మన వాట్సాప్ గ్రూపుల్లో రెజ్యూమే ఇలా మార్చు అలా మార్చు అని సలహాలు ఇచ్చినవాళ్ళు చాలామంది, ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగినవాళ్ళు మాత్రం లేరు. తప్పు వాళ్ళదీ కాదులెండి, మనం నవ్వుతూ మాట్లాడుతుంటే వాళ్ళకెలా తెలుస్తుంది. మా పై ఫ్లోర్‌లో కరీంనగర్ అక్క ఒక్కతే ఏమీ అడక్కుండా ఇరవై పౌన్ల సోనామసూరి బ్యాగ్ తెచ్చి తలుపు దగ్గర పెట్టి, సేల్‌లో ఉంటే రెండు తీసుకున్నానులే అని వెళ్ళిపోయింది. అక్కా, అది సేల్‌లో లేదని నాకు తెలుసు.

రాత్రి పిల్లలు పడుకున్నాక మేమిద్దరం లెక్కలు వేసుకునేవాళ్ళం. రెంటు ఇంత, కారు ఇంత, ఇన్సూరెన్స్ ఇంత. ఒకరోజు నేనే అన్నా, స్కూల్ లంచ్ ఇద్దరికీ రోజుకి ఆరు డాలర్ల పైనే అవుతోంది, రేపట్నుంచి డబ్బా కట్టేస్తే సరి అని. అన్నానే గానీ మర్నాటి నుంచి ఇంటర్వ్యూల హడావిడిలో కట్టడం కుదర్లేదు, మర్చిపోయా కూడా. గోడ అవతల మావాడు మేలుకునే ఉన్నాడని తెలీదు.

మే మొదటివారంలో స్కూల్ కౌన్సెలర్ ఫోన్ చేసింది. స్కూల్ నంబర్ కనపడగానే గుండె గుభేల్‌మంది, ఏం దెబ్బ తగిలించుకున్నాడో అని. ఆవిడ మెల్లిగా, మీవాడు నాలుగు రోజులుగా లంచ్ తీసుకోవట్లేదు, నీళ్ళు తాగేసి వచ్చి ఫ్రెండ్స్ పక్కన కూర్చుంటున్నాడు, ఒంట్లో బాలేదా అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. తర్వాత తెలిసిందేంటంటే, ఇది కనిపెట్టింది టీచరూ కాదు కౌన్సెలరూ కాదు, కెఫెటీరియాలో క్యాష్ దగ్గర కూర్చునే ఆవిడ. పిల్లలు ట్రే పట్టుకుని వచ్చి కీప్యాడ్ మీద వాళ్ళ నంబర్ నొక్కాలి కదా, రోజూ నంబర్ నొక్కి థాంక్యూ మిస్ అని వెళ్ళే పిల్లాడు నాలుగు రోజులుగా లైన్లోకే రావట్లేదని ఆవిడ కంట్లో పడింది. వందలమంది పిల్లలండి ఆ లైన్లో. కన్నతల్లిని, నేను గమనించలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగితే, డాడీకి మనీ సేవ్ చేస్తున్నా అమ్మా అన్నాడు. ఇంకేం రాయలేను దీని గురించి.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదు అంటారు మనవాళ్ళు. ఇక్కడ అమ్మకే తెలీలేదు, ఎవరో పరాయావిడ అడక్కుండానే పట్టించుకుంది.

మర్నాడు స్కూల్‌కి వెళ్ళాం. ఫ్రీ అండ్ రెడ్యూస్డ్ మీల్స్ ఫామ్ అని ఒకటుంటది, అందరూ ఆగస్టులో నింపేస్తారు, మేము మాకెందుకులే అని ఎప్పుడూ పక్కన పడేసేవాళ్ళం. అది ఏడాది మధ్యలో ఎప్పుడైనా ఇవ్వొచ్చంట, ఉద్యోగం పోయింది అంటే ప్రస్తుతం వస్తున్న ఆదాయమే రాయాలంట. ఆ ఆదాయం ఫెడరల్ పావర్టీ లైన్‌కి, అంటే ఇక్కడి ప్రభుత్వం గీసిన పేదరిక రేఖకి, 130 శాతం లోపు ఉంటే ఫ్రీ, 185 శాతం లోపైతే రెడ్యూస్డ్, అప్పుడు లంచ్‌కి 40 సెంట్లకి మించి, బ్రేక్‌ఫాస్ట్‌కి 30 సెంట్లకి మించి తీసుకోకూడదు. ఫామ్‌లో సోషల్ సెక్యూరిటీ నంబర్ ఆఖరి నాలుగు అంకెలు అన్న గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది, నాకు ఆ నంబరే లేదు కదా. కౌన్సెలర్ ఏమీ అనకుండా పక్కనే ఉన్న చిన్న గడి చూపించింది, నంబర్ లేదు అని టిక్ పెట్టడానికి. అంతే. వీసా ఏంటి అన్న ప్రశ్న ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఇది ఎందుకింత వివరంగా చెప్తున్నానంటే, ఫ్రీ లంచ్ తింటే గ్రీన్ కార్డ్ రాదంట అని మనలో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని భయపడి చస్తున్నాం. మేము మా లాయర్‌ని అడిగాం, మా కేసుకి ఏం పర్లేదు అన్నారు, అప్పుడే సంతకం పెట్టా. మీరూ మీ లాయర్‌ని అడగండి, గ్రూపులో అడక్కండి. ఇంకోటి, ఒకసారి అప్రూవ్ అయితే ఆ స్కూల్ ఇయర్ అంతా, వచ్చే ఏడాది స్కూళ్ళు తెరిచాక కూడా 30 వర్కింగ్ డేస్ దాకా నడుస్తదంట, ఈలోపు కొత్త ఫామ్ ఇచ్చుకోవాలి.

ఆరోజే ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది, ఇప్పుడు ఉంటున్న అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారా, ఎవరింట్లోకైనా మారే ఆలోచన ఉందా అని. ఇదెందుకు అడుగుతోందిరా బాబు అనుకున్నా. నిజానికి లీజు వదిలేసి కొన్నాళ్ళు మావారి ఫ్రెండ్ ఇంట్లో సర్దుకుందామా అని ఆలోచన ఉంది, ఆ ఊరు వేరే స్కూల్ డిస్ట్రిక్ట్, స్కూల్ మారాలేమో అని అదో దిగులు. ఆవిడ చెప్పింది, ఇల్లు పోయి, కష్టం వల్ల ఇంకొకరి ఇంట్లో తలదాచుకునే పిల్లలకి 1987 నుంచి మెకిన్నీ-వెంటో అని ఒక ఫెడరల్ చట్టం ఉంది, అలాంటి పరిస్థితే వస్తే ముందు నాకు చెప్పండి, ఉన్న స్కూల్లోనే చదువుకోవచ్చు, బస్సు ఏర్పాటు కూడా అడగొచ్చు అని. మాకు ఆ అవసరం రాలేదు. కానీ ఆ రాత్రి చాన్నాళ్ళకి ఇద్దరం నిద్రపోయాం.

మే ఆఖరులో స్కూల్ అయిపోయింది. ఫీల్డ్ డే, క్రోమ్‌బుక్ వెనక్కివ్వడం, పోయిన లైబ్రరీ పుస్తకం సోఫా కింద దొరకడం, అన్నీ మామూలే. ఆఖరి రోజు బ్యాగ్‌లో పిల్లల ఇయర్ ఎండ్ రిఫ్లెక్షన్ కాగితాలు పంపారు. చిన్నదైతే ఈ ఏడాది నేర్చుకున్నది అన్నచోట జిప్పర్ బొమ్మ వేసింది, జాకెట్ సొంతంగా వేసుకోవడం వచ్చిందంట. మావాడి కాగితంలో ఈ ఏడాది నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని అని ఉన్నచోట, నేను టెక్సాస్ వాళ్ళు పెట్టే స్టార్ పరీక్ష గురించి రాస్తాడేమో అనుకున్నా, థర్డ్ గ్రేడ్ నుంచే కదా ఇక్కడ ఆ పరీక్ష మొదలయ్యేది. వాడు రాసింది, శుక్రవారం పిజ్జా తినకుండా ఉండటం. పక్కన టీచర్ ఆకుపచ్చ పెన్నుతో చిన్న గుండె బొమ్మ గీసింది, ఒక్క మాట కూడా రాయలేదు. మావారు ఆ కాగితం పట్టుకుని నవ్వుతూ బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

అదే బ్యాగ్‌లో సమ్మర్ మీల్స్ కాగితం. మా ఇంటికి దగ్గర ఉన్న స్కూల్ చుట్టూ కౌన్సెలర్ పెన్నుతో గుండ్రంగా గీసి పెట్టింది. ఓపెన్ సైట్ అంటారంట, 18 ఏళ్ళ వరకు ఉన్న పిల్లలెవరైనా వెళ్ళి తినొచ్చు, ఫామ్ లేదు, ఐడీ లేదు, ఆ స్కూల్లోనే చదవాలని కూడా లేదు. యూఎస్‌డీఏ, అంటే ఇక్కడి వ్యవసాయ శాఖ, వాళ్ళ వెబ్‌సైట్లో మ్యాప్ కూడా ఉంటది, మీ జిప్ కోడ్ కొట్టి చూసుకోండి. సమ్మర్‌లో పిల్లకి 120 డాలర్ల కార్డు ఇచ్చే పథకం ఇంకోటి 2024లో దేశంలో మొదలైంది గానీ మా టెక్సాస్ అప్పుడు చేరలేదు, దాని గురించి నాకో అభిప్రాయం ఉంది, ఇది థాంక్స్ చెప్పే పోస్ట్ కాబట్టి మింగేస్తున్నా.

మొదటి రోజు వెళ్తే అక్కడ ఎవరున్నారో చూడండి, మా క్యాష్ ఆవిడే! మావాడు ట్రే పట్టుకుని కీప్యాడ్ కోసం అటూ ఇటూ వెతుకుతున్నాడు, నంబర్ నొక్కాలి కదా మిస్ అని. సమ్మర్‌లో నంబర్లు లేవు మీహో, తిను చాలు అంది. మీహో అంటే స్పానిష్‌లో నాయనా అని. ఆవిడ చేతిలో అంకెలు వేసిన కాగితం, ప్లేటు వెళ్ళినప్పుడల్లా ఒక అంకె కొట్టేస్తుంది. మా ఫ్రిజ్ మీద కేలండర్ గుర్తొచ్చింది. మేం బీఫ్ తినం అని ఒక్కసారే చెప్పా, ఆ రోజు మెనూలో బీఫ్ ఉంటే మా పిల్లలకి ముందే బీన్స్ బురీటో పక్కన తీసి పెడుతుంది. తినని పాల డబ్బాలు, యాపిల్సు షేర్ టేబుల్ అని ఒక బల్ల మీద పెడతారు, ఆకలున్న పిల్లలు వెళ్ళి తీసుకుంటారు.

పెద్దవాళ్ళు పిల్లల ప్లేట్లోంచి తినకూడదు, రూలు. నేను పక్కన ఖాళీగా కూర్చుంటే చిన్నదానికి ప్రాణం ఒప్పక ముద్ద నా నోటి దగ్గరికి తెస్తది, నేను వద్దంటా. మూడోరోజు బయటికి వస్తుంటే దాని గౌను జేబు ఉబ్బుగా ఉంది, చూస్తే అరటిపండు, అమ్మకి అంది. నేను సిగ్గుతో చచ్చిపోయి వెనక్కి ఇవ్వబోతే ఆవిడ నవ్వింది, పండు ఒకటి తీసుకెళ్ళొచ్చు, అదీ రూలే అంది.

మా అమ్మమ్మది లంకల గన్నవరం పక్కూరు. డొక్కా సీతమ్మ గారు గోదావరి దాటి వచ్చే బాటసారులకి ఏ వేళప్పుడు తలుపు తట్టినా వండి పెట్టేవారని చెప్తూనే మాకు అన్నం కలిపేది. 2024లో ఏపీలో బడి భోజనానికి ఆవిడ పేరు పెట్టారని తెలిసినప్పుడు మా ఫ్యామిలీ గ్రూపంతా ఒకటే గొప్పలు. ఆ కథలో నేను తలుపు తట్టేదాన్ని అవుతానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదండి. తట్టను కూడా లేదు.

52వ రోజున కొత్త కంపెనీ వాళ్ళు పిటిషన్ వేశారు. మొదటి జీతం ఇప్పుడే పడింది. ఇంక మేము రాము, వేరేవాళ్ళకి ఉపయోగపడుద్ది అని క్యాష్ ఆవిడతో చెప్తే, అదేం లెక్క, మీరు తింటే ఇంకొకళ్ళకి తగ్గదు, వడ్డించిన ప్లేటు లెక్కనే మాకు డబ్బులొచ్చేది, పిల్లలు తగ్గిపోతే సైట్ నడవడం కష్టం, తీసుకురా అంది.

కౌన్సెలర్ గారికి, ఆకుపచ్చ పెన్ను టీచర్‌కి, పై ఫ్లోర్ అక్కకి పేరుపేరునా థాంక్స్, ఎవరి పేరూ రాయట్లేదు గానీ. క్యాష్ ఆవిడ పేరు రాద్దామంటే ఆవిడే వద్దంది, నా పని నేను చేశా అని. సర్వే డబ్బాలో నా మాట పిజ్జా దగ్గర ఆగిపోయింది, అలాగే సబ్మిట్ కొట్టేశా, చదివేవాళ్ళు ఏమనుకుంటారో ఏమో. రేపు మెనూలో కూడా అదేనండి. ఎన్నింటికి బయల్దేరదాం అని మావాడు ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు.