సేవాసంస్థలకూ ఓవర్‌టైం ఉంది

సంపాదకులకు నమస్కారం.

న్యూజెర్సీలో మేం కొందరం కలిసి నడుపుతున్న చిన్న సేవాసంస్థకు నేను కోశాధికారిని. వృద్ధులకు మధ్యాహ్న భోజనం పెట్టడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి తీసుకురావడం మా పని. జీతం తీసుకునేవాళ్లు నలుగురే. ఇక్కడ ఇలాంటి సంస్థల బోర్డుల్లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మాలో ఎక్కువమందికి కంప్యూటర్లు తెలుసుగానీ లేబర్ చట్టం తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

"సేవ చేస్తుంటే ఓవర్‌టైం ఏమిటండీ?" అని మా బోర్డులోనే అన్నారు. 1938 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. లాభాపేక్ష లేదన్నంత మాత్రాన మినహాయింపు రాదు. నెలజీతం ఇచ్చేస్తే చాలనుకోవడమూ పొరపాటే. ఓవర్‌టైం ఇవ్వక్కర్లేదనాలంటే జీతం ఒక స్థాయికి తగ్గకూడదు, చేసే పని కూడా మేనేజర్ లేదా నిపుణుల తరహాది అయ్యుండాలి.

ఆ జీతం స్థాయే మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది. వారానికి 684 డాలర్లున్నది లేబర్ డిపార్ట్‌మెంట్ కొత్త రూల్‌తో 2024 జులై 1న 844 అయింది. 2025 జనవరి 1 నుంచి 1,128 అవుతుందన్నారు. బడ్జెట్ తిరగరాసి, మా కోఆర్డినేటర్ జీతం పెంచాం. 2024 నవంబర్ 15న టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ రూల్‌ను దేశమంతటికీ కొట్టేసింది. మళ్లీ 684! పెంచిన జీతం వెనక్కి తీసుకోవాలా అని రెండు గంటలు వాదించుకున్నాం. (తీసుకోలేదు.) హడ్సన్ నది దాటి న్యూయార్క్ వెళితే కథ వేరు. అక్కడ రాష్ట్రానికి సొంత రూల్ ఉంది. మేనేజర్లు, ఆఫీసు పాలన చూసేవాళ్ల విషయంలో న్యూయార్క్ నగరంలో 2025కి ఆ స్థాయి 1,237.50 డాలర్లు. టెక్సాస్ తీర్పు చూసి ఊపిరి పీల్చుకుందామంటే కుదరదు.

చివరికి ఒక వాలంటీర్ లాయర్ మా కాగితాలు ఉచితంగా చూశారు. ఆవిడ జీతం స్థాయి గురించి మాట్లాడింది ఐదు నిమిషాలు కూడా లేదు. "మీ డ్రైవర్ శనివారాలు చేసిన పనికి ఏమిస్తున్నారు?" అని అడిగారు. వచ్చే వారం ఒక పూట సెలవిస్తున్నాం అన్నాం. ప్రభుత్వ ఆఫీసుల్లో అది చెల్లుతుంది, మీలాంటి ప్రైవేటు సంస్థల్లో చెల్లదు అన్నారు. జీతానికి చేసే పనినే అదే సంస్థకు 'వాలంటీర్'గా చేయించుకోవడమూ కుదరదట. అదీ చేయిస్తున్నాం మేం! రెండేళ్ల పాత బాకీ లెక్కగట్టి చెక్కు ఇచ్చాం. కోర్టుదాకా వెళ్లుంటే దానికి రెట్టింపు కట్టాల్సి వచ్చేదేమో.

ఇలాంటి సాయం ఉందని చాలామందికి తెలియదు. న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్ రాష్ట్రాల్లో ప్రో బోనో పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థ అర్హత ఉన్న సేవాసంస్థలకు పైసా తీసుకోకుండా లాయర్లను ఏర్పాటు చేస్తుంది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ లాయర్ సంస్థ తరఫు మనిషి. జీతం రాని ఉద్యోగి వెళ్లాల్సింది లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు, అక్కడా ఫీజు లేదు. ఈ సంగతి బోర్డువాళ్లే తమ ఉద్యోగులకు చెప్పాలని నా అభిప్రాయం. చెప్పడానికి భయపడే సంస్థలో ఏదో తేడా ఉన్నట్టే.

మన తెలుగు సంఘాలకు ఒక విన్నపం. మహాసభల్లో నగలకీ రియల్ ఎస్టేట్‌కీ అన్ని స్టాల్స్ ఇస్తారు కదా, చిన్న సంస్థల కోసం లాయర్లు కూర్చునే బల్ల ఒకటి వేయించండి. న్యూయార్క్‌లో లాయర్‌గా చేరాలంటే ముందు 50 గంటలు ఉచిత సేవ చేసి ఉండాలి. అక్కడ లా చదువుతున్న మన పిల్లలు ఆ గంటలు ఎక్కడ చేయాలా అని వెతుక్కుంటుంటారు, వాళ్లనూ పిలవండి. ఆ బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు టైమ్‌షీట్లు పట్టుకుని రావాలి. మా దగ్గర సరిగ్గా లేక, ఆ డ్రైవర్ శనివారాలన్నీ పెట్రోల్ బిల్లులు చూసి లెక్కగట్టాల్సి వచ్చింది.

- ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ