సౌమ్య గుగులోత్‌కు సొంత రాష్ట్రంలో జట్టేది?

తెలంగాణలో ఒక అమ్మాయి ఫుట్‌బాల్‌నే వృత్తిగా చేసుకోవాలంటే ముందు రాష్ట్రం వదిలి వెళ్లాలి, సౌమ్య గుగులోత్ విషయంలో జరిగింది ఇదే. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఆమె కేరళ క్లబ్ గోకులంకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లింది, తర్వాత కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరి 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ (దేశంలో మహిళా క్లబ్‌ల అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్) టైటిల్ గెలిచిన జట్టులో 9 గోల్స్ కొట్టింది, ఆ సీజన్‌కు దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా అందుకుంది. అదే సీజన్ లీగ్‌లో ఆడిన 8 జట్లలో తెలుగు రాష్ట్రాలది ఒక్కటీ లేదు! మా వైపు స్కూల్ గ్రౌండ్లు సాయంత్రమైతే అబ్బాయిల క్రికెట్‌కే (రాజకీయ సభలుంటే అదీ లేదు), బాగా ఆడే అమ్మాయిలు కూడా పదో తరగతి అవగానే మానేస్తున్నారు, తల్లిదండ్రుల్ని తప్పుపట్టడం తేలికే గానీ ఏడాదికోసారి రెండుమూడు రోజుల్లో అయిపోయే స్కూల్ పోటీలు తప్ప మ్యాచ్‌లే లేనప్పుడు వాళ్లు ఏం చూసి పంపుతారు? సన్మానాలు, శాలువాలు తర్వాత. ముందు క్రీడాశాఖ, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం కలిసి జిల్లాల మధ్య అమ్మాయిలకు కనీసం మూడు నెలలు నడిచే లీగ్ పెట్టాలి, ప్రతి జిల్లా కేంద్రంలో ఒక గ్రౌండ్‌ని సాయంత్రాలు వాళ్లకే కేటాయించి, మహిళా కోచ్‌ని వేసి, బస్సు చార్జీలు ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా